కామరాన్ నుంచి కువైట్ దాకా: ఖైరాతా, హక్కా?

ముస్లింల చరిత్ర అనగానే చాలామందికి గోల్కొండ కోట, చార్మినార్, నిజాం నగలు గుర్తొస్తాయి. కొందరికి కత్తి పట్టిన సుల్తాను గుర్తొస్తాడు. మేం ఆ కోటల్లో ఉన్నవాళ్ళం కాదు. దూది ఏకినవాళ్ళం, మాంసం కొట్టినవాళ్ళం, గాజులమ్మినవాళ్ళం, రిక్షా తొక్కినవాళ్ళం. మా చరిత్రను తవారీఖుల్లో వెతికితే దొరకదు. ఓడల డెక్కు మీద, రోగుల్ని ఆపిన దీవుల్లో, ఎవరో కాన్సల్ దొర పైవాళ్ళకు రాసుకున్న నివేదికల్లో వెతకాలి. అక్కడ మాకు పేర్లుండవు. 'బీద యాత్రికులు', 'దిక్కులేని హాజీలు' అని అంకెలు మాత్రం ఉంటాయి.

ఆ అంకెల వెనక ఒక ప్రశ్న ఉంది. మనిషి బతుకు కోసమో, మొక్కు కోసమో దేశం దాటిపోతాడు. అక్కడ మహమ్మారి పడుతుంది. దారులు మూతపడతాయి. అప్పుడతను ఎవరి మనిషి? కాలు మోపిన నేల తాలూకా, కాగితమిచ్చిన రాజ్యం తాలూకా? రాజ్యం బాధ్యత సరిహద్దు గీత దగ్గరే ఆగిపోతుందా? 2020లో గల్ఫ్‌లో చిక్కుకుపోయిన మనవాళ్ళు అడిగింది ఇదే. అంతకు నూట యాభై ఏళ్ళ ముందే మా తాతముత్తాతలకు ఈ ప్రశ్న ఎదురైంది. వాళ్ళకు వచ్చిన జవాబేమిటో తెలుసుకుంటే, మనకు వచ్చిన జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

నలభై రోజుల మాట

ఉర్దూ ఇళ్ళల్లో పాత హజ్ ముచ్చట్లలో 'కరంతీనా' అనే మాట వినిపించేది. క్వారంటైన్ అన్నా కరంతీనా అన్నా ఒకటే. ఇటలీ వాళ్ళ భాషలో నలభై అనే మాట నుంచి వచ్చింది. ప్లేగు కాలంలో వెనీసు రేవులో ఓడల్ని నలభై రోజులు ఆపేవాళ్ళు. నలభై మాకు కొత్త కాదు. సూఫీలు చిల్లా కూర్చున్నది నలభై రోజులు. జమాతు వాళ్ళు చిల్లా పోయేదీ నలభై రోజులే. చచ్చినవాళ్ళకు చాలీస్వాఁ చేసేదీ నలభైయ్యో రోజునే. దీక్ష పట్టే మన తెలుగువాళ్ళకు మండలమన్నా దాదాపు అంతే. రోగం ఉన్న ఊళ్ళోకి పోవద్దు, మీరున్న ఊళ్ళో రోగం పడితే అక్కడి నుంచి పారిపోవద్దు అని ప్రవక్త చెప్పినట్టు మా పిల్లలక్కూడా తెలుసు. కాబట్టి రోగకాలంలో దూరంగా ఆగిపోవడం మీద మాకు పేచీ లేదు. పేచీ వేరే ఉంది. ఆపినవాడు అన్నం పెట్టాలా వద్దా? ఆగినవాడు మనిషా, మురికి మూటా? ఖర్చెవరిది?

కలరా, హజ్, దొరల లెక్క

1817లో బెంగాల్ నుంచి బయల్దేరిన కలరా 1831లో మొదటిసారి మక్కాలో పడింది. అన్నిటికంటే పేరు మోసింది 1865. ఆ ఏడు హజ్‌కు చేరిన తొంభై వేల మందిలో పదిహేను వేల మంది పోయారని అప్పటి అంచనా. తిరుగు ప్రయాణపు ఓడల్లో రోగం సూయెజుకు, అలెగ్జాండ్రియాకు పోయింది. ఈజిప్టులోనే అరవై వేల మంది దాకా చచ్చిపోయారంటారు. అక్కడి నుంచి మధ్యధరా రేవులన్నీ తిరిగింది.

బెంగాల్లో మన జనం యాభై ఏళ్ళుగా చస్తున్నా ఐరోపాకు పట్టలేదు. మార్సేల్స్ రేవులో శవం లేచాక పట్టింది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో అంతర్జాతీయ పారిశుధ్య సమావేశం నెలల తరబడి జరిగింది. కలరాకు పుట్టిల్లు హిందూస్తాన్ అనీ, దాన్ని మోసుకొచ్చేది మనుషుల రాకపోకలనీ, అందులో ముఖ్యంగా హాజీలనీ తేల్చారు. రోగం మోసేవాడు ఫలానావాడు అని ప్రపంచం ముందు పేరుపెట్టి చూపడం అప్పట్నించీ అలవాటైంది. ఆ మరుసటి ఏడే, 1867లో, హరిద్వార్ కుంభమేళా నుంచి కలరా ఉత్తరాదంతా పాకింది. చచ్చినవాళ్ళు బీద యాత్రికులే. అది ఐరోపా గుమ్మం దాకా పోలేదు గనక అంత అల్లరి కాలేదు.

మరి మాకు ప్రభువుగా కూర్చున్న బ్రిటిష్ ప్రభుత్వం ఏమంది? రెండు నాలుకలతో మాట్లాడింది. ఒక పక్క, 1858 రాణి ప్రకటన ప్రకారం మతంలో జోక్యం చేసుకోం, హజ్‌ను అడ్డుకోం అంది. వినడానికి బాగుంది. రెండో పక్క, రోగం మనిషి నుంచి మనిషికి అంటుతుందనేదే ఒప్పుకోలేదు. భారత ప్రభుత్వ శానిటరీ కమిషనర్‌గా పనిచేసిన కనింగ్‌హామ్ అంటువ్యాధి వాదాన్ని చివరిదాకా తిప్పికొడుతూనే వచ్చాడు. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తా చెరువు నీళ్ళలో కలరా క్రిమిని చూపించినా సర్కారు గొంతు వెంటనే మారలేదు. ఒప్పుకుంటే ఓడల్ని ఆపాలి. 1869లో సూయెజు కాలవ తెరుచుకున్నాక ఆ దారిన పోయేది సింహభాగం బ్రిటిష్ సరుకే. సరుకు ఆగకూడదు. కాబట్టి మతస్వేచ్ఛ అనే మాట కొంత మా కోసం, మిగతా అంతా సరుకు కోసం.

జోక్యం చేసుకోం అన్నమాటకు ఇంకో అర్థం కూడా ఉండేది. జోక్యం లేదంటే ఖర్చూ లేదు. తిరుగు చార్జీ అయిపోయి జిద్దా వీధుల్లో అడుక్కుంటున్న హిందీ హాజీల గురించి కాన్సల్ నివేదికలు పోతూనే ఉండేవి. లండన్ కలకత్తా వైపు చూపించేది. కలకత్తాలో కూర్చున్న సర్కారు అది మా బాధ్యత కాదనేది. ఒకచోట ప్రజ అయినవాడు ఇంకోచోట ఎవరికీ కాకుండా పోయాడు.

కామరాన్

ఎర్రసముద్రంలో, యెమెన్ తీరానికి దగ్గర్లో కామరాన్ అని ఒక దీవి. 1882 నుంచి ఒట్టోమన్ ప్రభుత్వం అక్కడ కరంతీనా పెట్టింది. హిందూస్తాన్ నుంచి, జావా నుంచి దక్షిణ దారిన వచ్చే హాజీల ఓడలన్నీ అక్కడ ఆగి తీరాలి. మనుషుల్ని దించి గుడిసెల్లో పెట్టేవాళ్ళు. బట్టలూ పరుపులూ తీసుకెళ్ళి ఆవిరి యంత్రంలో వేసేవాళ్ళు. ఓడలో ఒక్కరికి రోగం కనపడినా గడువు మళ్ళీ మొదటికొచ్చేది. నీళ్ళకు కటకట. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఆపినందుకు తలకింత అని రుసుము కట్టాల్సింది ఆగినవాడే.

ఈ చివరి మాట దగ్గర కాసేపు నిలబడదాం. ఐరోపా ప్రాణాలు కాపాడ్డానికి ఐరోపా రాజ్యాల ఒత్తిడితో కరంతీనా పెట్టారు. దాని ఖర్చు మాత్రం బెంగాలు రైతు, మలబారు జాలరి, దక్కన్ నేతగాడు జన్మంతా కూడబెట్టుకున్న రూపాయల్లోంచి పోయింది. ఇది హాజీల్ని దోచే కొట్టు అని బ్రిటిష్ వాళ్ళే ఒట్టోమన్లను తిట్టేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ఆ దీవి బ్రిటిష్ వాళ్ళ చేతికే వచ్చింది. కరంతీనా అలాగే నడిచింది. రుసుమూ అలాగే నడిచింది. జెండా మారింది గానీ చెయ్యి చాపింది మాత్రం అదే జేబు వైపు.

రాజ్యం ఏమీ చెయ్యలేదని చెప్తే అబద్ధమవుతుంది. ఓడల్లో మనుషుల్ని కుక్కకూడదని 1876లో ఒక చట్టం, 1895లో యాత్రికుల ఓడలకు మరో చట్టం వచ్చాయి. బొంబాయిలో యాత్రికుల రక్షకుడు అనే అధికారిని పెట్టారు. 1886లో హజ్ ప్రయాణాల ఏర్పాటును థామస్ కుక్ కంపెనీకి అప్పజెప్పారు, కొన్నేళ్ళకు అదీ పోయింది. చట్టాల్లో డెక్కు మీద మనిషికి ఇన్ని అడుగుల జాగా అని కొలతలున్నాయి. ఆ జాగాలో మనిషి జబ్బు పడితే ఎవరు చూడాలి, దిగిన చోట ఆగిపోతే ఎవరు తేవాలి అనేదానికి మాత్రం కొలత లేదు.

రెండు కోపాల మధ్య ఒక డాక్టరు

ఈ కథలో పేరున్న మనవాడు ఒకడున్నాడు. డాక్టర్ అబ్దుర్ రజాక్. సర్కారు కొలువులో ఉన్న అసిస్టెంటు సర్జను. హాజీల ఆరోగ్యం చూడమని 1878లో హిజాజ్‌కు పంపారు. ఆయన్ను పంపడంలో వైద్యంతో పాటు అక్కడి రాజకీయ కబుర్లు సేకరించాలన్న ఉద్దేశమూ ఉంది. 1882 నుంచి జిద్దాలో బ్రిటిష్ వైస్ కాన్సల్. రోగుల్ని చూశాడు, కరంతీనాలో హాజీలు పడే అగచాట్లు పైకి రాశాడు, దిక్కులేనివాళ్ళ తరఫున మాట్లాడాడు.

1893 హజ్‌లో కలరా మళ్ళీ విరుచుకుపడి ముప్పై వేలకు పైగా ప్రాణాలు తీసింది. 1894లో పారిస్‌లో మళ్ళీ సమావేశం పెట్టి హజ్ దారి మీద కట్టుదిట్టాలు పెంచారు. ఆవిరి యంత్రాలు, తనిఖీలు, ఆసుపత్రులు. ఇవన్నీ జనానికి వైద్యంలా కనపడలేదు, పరాయి రాజ్యాల పెత్తనంలా కనపడ్డాయి. 1895 మే నెలాఖర్న జిద్దా ఊరి బయట కాన్సల్ల మీద బద్దూలు దాడి చేశారు. మిగతావాళ్ళు గాయాలతో బయటపడ్డారు. చనిపోయింది అబ్దుర్ రజాక్.

ఆయన మాకు గుర్తుండాలి. దొరల దృష్టిలో ఆయన మహమ్మదీయుడు, ఆ అరబ్బుల దృష్టిలో దొరల మనిషి. రాజ్యం తన బాధ్యతను ఒక వ్యవస్థగా కాకుండా ఒక్క మనిషి భుజం మీద పెట్టినప్పుడు, ఆ రాజ్యం మీద కోపం కూడా ఆ ఒక్క మనిషి మీదే పడుతుంది. 2020లో రోగుల్ని లెక్కరాయడానికి బస్తీలకు వచ్చిన ఆశా కార్యకర్తల మీద తిరగబడ్డ ఘటనలు చదివినప్పుడు మనకు జిద్దా గుర్తుకు రావాలి. కొట్టడం తప్పు. ఆ భయం ఎక్కడ పుట్టిందో చూడకపోవడం కూడా తప్పే.

ఆ మరుసటి ఏడు, 1896లో, బొంబాయిలో ప్లేగు పడింది. 1897 ఫిబ్రవరిలో అంటురోగాల చట్టం వచ్చింది. అదే రోజుల్లో వెనీసు సమావేశం ఒత్తిడి మధ్య బొంబాయి నుంచి హజ్ ఓడల్ని సర్కారు ఆపేసింది. నిన్నటిదాకా మతంలో జోక్యం చేసుకోమన్నవాళ్ళే ఒక్క ఉత్తర్వుతో దారి మూసేశారు. ఐరోపా తమ సరుకును కొనదేమోనన్న భయం వస్తే రాణి ప్రకటన అడ్డం రాలేదు. 2020 మార్చిలో మన రాష్ట్రాలు ముందు బయటికి తీసింది ఆ 1897 చట్టాన్నే.

హాజీల మీద ఈ ప్రత్యేక నిఘా దొరలతోనే పోలేదు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ పారిశుధ్య నిబంధనలు తెచ్చినప్పుడు కూడా హజ్ యాత్రికులకు విడిగా అనుబంధాలు పెట్టారు. జిద్దాలో సౌదీ సొంత కరంతీనా ఏర్పడ్డాక, 1956లో వాటిని తీసేయాలని తీర్మానించారు.

రుబాత్: నీడ ఉంది, హక్కు లేదు

మన హైదరాబాదు సంగతి కూడా చెప్పుకోవాలి. నిజాం సంస్థానానికి విదేశాంగం లేదు, అది రెసిడెంటు దొర చేతిలో ఉండేది. అయినా మక్కాలో హైదరాబాదు హాజీల కోసం రుబాత్‌లు ఏర్పడ్డాయి. పాత సంస్థానం పరిధిలోని తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల హాజీలను ఖురా తీసి అక్కడ ఉచితంగా దించే ఆనవాయితీ సంస్థానం పోయి డెబ్భై ఏళ్ళయినా నడిచింది. సొంత విదేశాంగం లేని ఒక రాజ్యం తన మనుషులకు పరాయి గడ్డ మీద నీడ ఇవ్వగలిగింది. ప్రపంచంలో పావు వంతును ఏలిన రాజ్యం ఇవ్వలేకపోయింది.

అంతమాత్రాన నిజాం రాజ్యాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. రుబాత్ ఖైరాత్. ఇస్తే సలాం కొట్టి తీసుకోవాలి, ఇవ్వకపోతే అడిగే దారి లేదు. జాగీరులో వెట్టి చేసినవాడికి మక్కాలో గది ఉంటే ఏం, లేకపోతే ఏం? వాడు అంతదూరం పోగలిగితే కదా. మనకు కావాల్సింది ఖైరాత్ కాదు, హక్కు. ఈ 'హక్కు' అనే తెలుగు మాట మా 'హక్' నుంచి వచ్చిందే. పటేలు ఇంటి ముందు నిలబడ్డ ప్రతి తెలుగు రైతూ, ఫ్యాక్టరీ గేటు ముందు కూచున్న ప్రతి కార్మికుడూ వాడే మాట అది. మతం తెలియకుండానే అందరి నోటికీ ఎక్కింది.

ఆ హక్కు కాగితం మీదికి వచ్చింది 1948లో. ఎవరైనా తన దేశాన్ని విడిచి పోవచ్చు, తన దేశానికి తిరిగి రావచ్చు అని మానవ హక్కుల విశ్వప్రకటన 13వ అధికరణం చెప్పింది. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, ఎవరినీ తన సొంత దేశంలోకి రాకుండా అడ్డగోలుగా ఆపకూడదంది. అదే ఏటి ఆర్థిక, సామాజిక హక్కుల ఒడంబడిక అంటురోగాల నివారణను, చికిత్సను రాజ్యాల బాధ్యత చేసింది, దేశాల మధ్య సహకారాన్నీ చెప్పింది. ఈ రెండు ఒడంబడికల్లోనూ భారతదేశం 1979లో చేరింది. 1981లో ఉరుగ్వే కేసులో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ ఒక మాట తేల్చింది: సొంత గడ్డ మీద చెయ్యకూడని పని పరాయి గడ్డ మీద చెయ్యడానికి కూడా రాజ్యానికి వీల్లేదు. 2007 నుంచి అమల్లోకొచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఇంకాస్త ముందుకెళ్ళాయి. ప్రయాణికుల్ని వాళ్ళ గౌరవానికి భంగం లేకుండా చూడమన్నాయి. నివాసం కోరి పరాయి దేశంలోకి వచ్చేవాళ్ళ సంగతి పక్కన పెడితే, ప్రయాణికుణ్ణి క్వారంటైన్‌లో పెట్టినందుకు అతని దగ్గర రుసుము తీసుకోకూడదన్నాయి. కామరాన్‌లో రూపాయలు లెక్కపెట్టి ఇచ్చినవాళ్ళు చూడని రోజది.

మళ్ళీ అదే జేబు

ఇప్పుడు 2020కి వద్దాం. ఫిబ్రవరి 27న సౌదీ ఉమ్రా ఆపింది. మార్చి 22 నుంచి మన దేశం అంతర్జాతీయ విమానాలు ఆపింది. గల్ఫ్ దేశాల్లో అప్పటికి ఎనభై లక్షలకు పైగా భారతీయులున్నారు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల మనుషులు, హైదరాబాదు పాతబస్తీ పిల్లలు, కడప, రాయచోటి మగవాళ్ళు, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళపనికి పోయిన ఆడవాళ్ళు. ఒక గదిలో పది మంది పడుకునేచోట ఎడం పాటించమన్నారు. కొలువులు పోయాయి, గది అద్దె పోలేదు.

ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం, కాగితాలు లేనివాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చంది, టిక్కెట్టు కూడా పెట్టుకుంటానంది. పేర్లిచ్చిన మనవాళ్ళను శిబిరాల్లో పెట్టారు. అటు రాజ్యం పొమ్మంది, ఇటు రాజ్యం తలుపు తియ్యలేదు. వారాల తరబడి అక్కడే. ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు కూడా ఎక్కడివాళ్ళు అక్కడే ఉండమంది. తమ మనుషుల్ని తీసుకుపోని దేశాలతో కూలీల ఒప్పందాల్ని తిరిగి ఆలోచిస్తామని యూఏఈ అనాల్సి వచ్చింది.

మే 7న వందేభారత్ మిషన్ మొదలైంది. తొలి విడతలో 64 విమానాలు, పదిహేను వేల లోపు మనుషులు. చార్జీ ప్రయాణికుడిదే. దిగాక పద్నాలుగు రోజుల్లో మొదటి ఏడు రోజులు సొంత ఖర్చుతో క్వారంటైన్‌లో ఉండాలని మే 24న కేంద్రం ఉత్తర్విచ్చింది. విమర్శలొచ్చాక కొన్నిచోట్ల బీదవాళ్ళకు మినహాయించారు. విదేశాల్లో ఆపదలో ఉన్నవాళ్ళ కోసం 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఒకటుంది. అది పోగయింది ఆ వలస జనం కాన్సులేట్లలో కట్టిన రుసుములతోనే. అందులోంచి టిక్కెట్టు కొనివ్వమని అడిగి అడిగి అలిసిపోయారు. యాత్రికుల రక్షకుడు పోయి వలసల రక్షకుడు మిగిలాడు. బోర్డు మారింది.

రాజ్యానికి చేతకాదనుకుంటే పొరపాటు. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు లక్షా డెబ్భై వేల మందిని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చింది ఈ దేశమే. తెచ్చే శక్తి ఉన్నా దాన్ని బాధ్యతగా రాసుకోకపోవడం వల్లనే ఒకసారి తెస్తుంది, ఒకసారి ఉన్నచోటే ఉండమంటుంది.

ఆ ఏడు గల్ఫ్‌లో పోయిన మనవాళ్ళు చాలామంది అక్కడే మట్టిలో కలిశారు. మాలో మిట్టీ ఇవ్వడం అంటే చివరి బాకీ తీర్చడం. ఆ మూడు పిడికిళ్ళ మట్టి కొడుకు ఇవ్వలేదు, తమ్ముడు ఇవ్వలేదు. దహనానికి వీల్లేనిచోట మట్టికిపోయిన హిందూ కూలీల ఇళ్ళల్లో చితి లేకుండానే దినం చేశారు. ఆ దుఃఖంలో మాకూ వాళ్ళకూ తేడా లేదు.

మన గడ్డ మీద పరాయివాడు

బయట ఉన్న మనవాడి హక్కు అడిగేటప్పుడు, మన దగ్గర ఉన్న బయటివాడి హక్కు సంగతీ చూడాలి. 2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్‌కు వచ్చిన విదేశీయులు, కరీంనగర్ దాకా వచ్చిన ఇండోనేషియా వాళ్ళు వీసాలు తీసుకునే వచ్చారు. ఆ రోజుల్లో గుంపుగా ఉండడం జాగ్రత్త కాదు, అది మర్కజ్ వాళ్ళకూ చెప్పాల్సిందే. ఏప్రిల్ 2న 960 మంది వీసాలు రద్దు చేసి పేర్లు నల్లజాబితాలో పెట్టారు. జూన్‌లో రెండున్నర వేల మందిని పదేళ్ళపాటు రావద్దన్నారు. టీవీల్లో 'కరోనా జిహాద్' అన్నారు. కూరగాయలమ్మేవాణ్ణి పేరడిగి పంపించేశారు. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో తగిలించిన బిళ్ళ మళ్ళీ మా మెళ్ళోకి వచ్చింది.

పాత హైదరాబాదు సంస్థానపు ఔరంగాబాదులో కూర్చున్న బొంబాయి హైకోర్టు బెంచి 2020 ఆగస్టు 21న విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, మహమ్మారి వచ్చినప్పుడు ప్రభుత్వం బలిపశువును వెతుక్కుంటుందనీ, అతిథిని గౌరవించే సంప్రదాయం ఏమైందనీ అడిగింది. డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు 36 మందిని నిర్దోషులంది. అప్పటికే చాలామంది ఇల్లు చేరాలన్న ఆత్రంతో నేరం ఒప్పుకుని జరిమానా కట్టి పోయారు. తర్వాత 2021 ఏప్రిల్‌లో, రెండో అల మధ్యలో, హరిద్వార్‌లో కుంభమేళా జరగనిచ్చారు. గంగలో మునిగిన బీదవాణ్ణి నిందించమని మేం అడగం. మమ్మల్ని నిందించిన తీరు అతనికి కూడా రాకూడదనే అంటాం. 1867లో అతనూ మేమూ ఒకే రోగంతో చచ్చాం.

మేం అడిగేది కొత్తదేం కాదు. మహమ్మారి వచ్చినప్పుడు బయట చిక్కుకున్న పౌరుణ్ణి ఇన్ని రోజుల్లో తీసుకొస్తామని చట్టంలో రాయాలి. ఆ ఖర్చూ క్వారంటైన్ ఖర్చూ రాజ్యమే పెట్టుకోవాలి. రాయబార కార్యాలయం దాకా రాలేనివాడి క్యాంపుకు కార్యాలయమే పోవాలి. చనిపోయినవాడు ఎక్కడ, ఏ సమాధిలో ఉన్నాడో ఇంటికి తెలిపే రికార్డు ఉండాలి. మన గడ్డ మీది పరాయివాడికి కూడా మనం బయట మనవాళ్ళకు అడిగే మర్యాదే దక్కాలి. రోగానికి మతం పేరు పెట్టినవాణ్ణి శిక్షించాలి.

కామరాన్ గుడిసెల్లో ఆగినవాళ్ళు ఇవేవీ అడగలేకపోయారు. వాళ్ళు ప్రజలే గానీ పౌరులు కారు. మనం పౌరులం, చేతిలో ఓటుంది, పాస్‌పోర్టు మీద మూడు సింహాల ముద్ర ఉంది. ఆ ముద్ర విమానాశ్రయం దాటాక కూడా పనిచెయ్యాలని అడుగుతున్నాం.